మా కొట్టానికి పిడుగు కడ్డీ వేయించాం: చిత్తూరు అంగడాయన పని ఎట్లుందో రాస్తున్నా

పోయినేడాది భరణి కార్తెలో మా గౌరి చచ్చిపోయింది. గౌరి అంటే మా పాడావు. పూటకు ఏడు లీటర్లు తగ్గకుండా ఇచ్చేది. అది పోకపోయుంటే నేను పిడుగు కడ్డీ గురించి తెలుసుకునేదాన్నీ కాదు, చిత్తూరులో ఆ అంగడి మెట్లెక్కేదాన్నీ కాదు. అందుకే అక్కడినుంచే మొదలుపెడుతున్నా. అంగడాయన చేసిన పని విలువ తెలియాలంటే ముందు జరిగింది తెలియాలి.

మాది పూతలపట్టు దగ్గర పల్లె. నాలుగెకరాల మామిడి తోపు. మూడొంతులు తోతాపురి, మిగిలింది బేనిషా. తోపులోనే ఇల్లు, ఇంటి వెనక ఇనుప స్తంభాల మీద రేకుల కొట్టం, అందులో ఐదు ఆవులు. కొట్టానికి పదడుగుల దూరంలో మా మామ నాటిన టెంకాయ చెట్టు ఉండేది.

ఆ రోజు పొద్దున్నించి ఒళ్ళు ఉడికిపోయే ఎండ. సాయంత్రం నాలుగున్నరకు పడమట మబ్బు లేచింది. ముందు చల్లగాలి దబ్బున కొట్టింది, వెనకే దుమ్ము. మా ఆయన గంప తీసుకుని తోపులోకి పరిగెత్తాడు. మామిడి పెట్టుకున్నోళ్ళకు ఆ పరుగు ఏందో చెప్పక్కర్లేదు. కోతకు ఇంకా నెల, నెలన్నర ఉంటుంది, కాయ సగం ఊరి ఉంటుంది. అప్పుడు అరగంట ఈదురుగాలి వీచిందంటే చెట్టు కింద కాలు పెట్టే సందు ఉండదు. ఆ పచ్చికాయ గుజ్జు ఫ్యాక్టరీకి పనికిరాదు. తెల్లారితే మచ్చలు పడుతుంది. ఆ పూటే ఏరి, ఊరగాయకు అడిగినోళ్ళకు అడిగిన రేటుకు ఇచ్చుకోవాల. అందుకని గాలి ఆగకముందే గంపతో దిగుతారు మావాళ్ళు. మేమంతా భయపడేది గాలికి. పిడుగు ఎక్కడో ఎవరి చెట్టు మీదో పడేది అనుకునేవాళ్ళం.

నేను కొట్టంలో పచ్చిగడ్డి వేస్తా ఉన్నాను. వెలుగు, చప్పుడు రెండూ ఒక్కసారే వచ్చాయి. చెవుల్లో గుయ్యిమని తప్ప ఇంకేం వినపడలేదు. టెంకాయ చెట్టు మొవ్వులోంచి పొగ లేస్తాంది. తిరిగి చూస్తే గౌరి పక్కకు ఒరిగిపోయి ఉంది. అరవలేదు, కాళ్ళు కొట్టుకోలేదు. దగ్గరికి పోతే నోట్లో గడ్డి అట్లే ఉంది. సగం నమిలి, రెండు పరకలు పెదవి పక్కన వేలాడుతూ. ఒంటి మీద కాలిన మచ్చ ఒక్కటి లేదు. మిగతా నాలుగూ తలుగులు తెంపుకునేట్టు గుంజుకుంటున్నాయి. నేను "ఏమయ్యో" అని అరిచిన అరుపు తోపులో ఉన్న ఆయనకు వినపడలేదు. ఆయన కనపడేదాకా నా ప్రాణం నాకాడ లేదు.

ఇంట్లో టీవీ, ఫ్రిజ్, బోరు మోటరు స్టార్టరు మూడూ పోయాయి. అవి మళ్ళీ కొనుక్కుంటాం.

తెల్లారి పశువుల డాక్టరు వచ్చి చూసి చెప్పాడు. "పిడుగు ఆవు మీద పడలేదమ్మా, చెట్టు మీద పడింది. చెట్టు మొదట్లో దిగిన కరెంటు నేలలో నలుదిక్కులా పాకుతుంది. చెట్టు దగ్గర ఓల్టేజి ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. మీ ఆవు తల చెట్టు వైపు, తోక అవతలి వైపు పెట్టుకుని నిలబడింది. ముందుకాళ్ళకీ వెనకకాళ్ళకీ మధ్య ఐదడుగులు. ఆ తేడాకే కరెంటు ముందుకాళ్ళలో ఎక్కి వెనకకాళ్ళలో దిగింది. మధ్యలో గుండె ఉంటుంది కదా." ఆ మాట వింటుంటే నాకు వేరే సంగతి గుర్తుకొచ్చింది. గాటికి అడ్డంగా కట్టాల్సిన ఆవును ఆ రోజు చివరి స్తంభానికి కట్టింది నేనే.

మా చిన్నమ్మాయి అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో మూర్ అనే ఊళ్ళో ఉంటుంది. దాని కాన్పుకని మే నెలలో పోయి మూడు నెలలు ఉండొచ్చాను. అక్కడ వసంతకాలమంటే టోర్నడోల కాలం, అంటే మబ్బులోంచి నేలదాకా దిగే పెద్ద సుడిగాలులు. 2013 మే 20న ఆ ఊరి మీదే ఈఎఫ్-5 టోర్నడో పోయింది. వాళ్ళ కొలమానంలో అదే అన్నిటికంటే పెద్దది. 24 మంది చనిపోయారు, వాళ్ళలో బడిలో ఉన్న పిల్లలు ఏడుగురు. నేనున్నప్పుడు ఒకరోజు రాత్రి ఏడు గంటలకు సైరన్ మోగింది. అల్లుడు నెల బిడ్డను ఎత్తుకున్నాడు, మేమిద్దరం వెనకే. వాళ్ళ కారు షెడ్డు నేలలో ఇనుప పెట్టె మాదిరి ఒక గుంత ఉంది, అందులోకి దిగి మూత లాక్కున్నాం. ఆ చీకట్లో చిన్న రేడియో పెట్టుకుని వింటున్నారు. 'వాచ్' అంటే టోర్నడో వచ్చే వాతావరణం ఉందని, 'వార్నింగ్' అంటే రాడార్‌లోనో కంటికో కనపడింది, ఇంగ దాక్కోమని. ఈ తేడా అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు టోర్నడో మా దారిన రాలేదు.

గౌరి పోయిందని ఫోన్లో చెప్తే ఆ పిల్ల చాలాసేపు ఏడ్చింది. ఏడ్చాక అడిగింది: "అమ్మా, మా ఇంటి మీదికి ఎప్పుడొస్తాదో తెలీని దానికి మేం గుంత తవ్వించుకున్నాం. ప్రతి ఏడాదీ వచ్చే పిడుగుకు మీరేం పెట్టించుకున్నారు?" ఉరుమొస్తే మా అత్త "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అనుకుంటుంది, నేనూ అనుకుంటాను. అది ధైర్యానికి. దాంతో పాటు చేయాల్సిన పని ఇంకోటి ఉందని మాకెవరూ చెప్పలేదు. మన దేశంలో 2022లో ఒక్క ఏడాదే పిడుగులకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. వాళ్ళలో ఎక్కువమంది మా మాదిరి పొలాల్లో ఉండేవాళ్ళే అయ్యుంటారు.

టోర్నడో మాకెందుకు రాదని అల్లుణ్ణి అడిగాను. అక్కడ గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తేమగాలి, రాకీ కొండల నుంచి పొడిగాలి వచ్చి కలుస్తాయంట. పైకి పోయేకొద్దీ గాలి దిక్కూ వేగమూ మారిపోతాయి, దాంతో మబ్బు మొత్తం గిర్రున తిరుగుతుంది. మన రాయలసీమలో ఎండాకాలం పైగాలుల్లో ఆ మెలి ఉండదు. బంగాళాఖాతం తేమ, కాలిన నేల వేడి కలిసి మబ్బు నిట్టనిలువుగా లేస్తుంది, లేచినట్టే కూలుతుంది. అట్లా కూలేటప్పుడు పైనున్న చల్లగాలి ఒక్కసారిగా నేలకు దిగి పరుచుకుంటుంది. వానకు ముందు మామిడి కొమ్మలు విరిచే గాలి అదే. మన దగ్గర లేదంటే చుట్టుపక్కల ఎక్కడా లేదని కాదు. బంగ్లాదేశ్‌లో 1989 ఏప్రిల్ 26న పడిన టోర్నడోకు సుమారు 1,300 మంది పోయారు.

ఇంగ అసలు విషయం. గౌరి పోయిన పది రోజులకు ఎవరో చెప్పారని ఒకాయన రంగు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. స్టీలు బుడ్డి మాదిరి ఉన్న అరెస్టర్ బొమ్మ చూపించి, "ఇదొక్కటి పెడితే చుట్టూ 107 మీటర్లు పిడుగు పడదు, మీ తోపంతా సేఫ్" అన్నాడు. 68,000 రూపాయలు. నా మనసు అప్పుడెట్లుందంటే, అడ్వాన్సు ఇచ్చేసేదాన్నే. స్టార్టరు బాగు చేయించడానికి చిత్తూరు పోతున్న మా మరిది "వదినా, నాకు తెలిసిన అంగడాయన ఉన్నాడు, ఒకమాట అడిగి ఇవ్వు" అన్నాడు.

అది మోటర్లు చుట్టే అంగడి. ఎర్తింగ్ పనులు కూడా చేస్తారు. పేరు రాయట్లేదు, ఆయనే వద్దన్నాడు. ఆయన, ఒక కుర్రాడు, ఒక హెల్పరు, అంతే మనుషులు. సీజన్‌లో ఇప్పుడున్న పనికే చాలడం లేదంట. అరవై దాటిన మనిషి. రంగు కాగితం చూసి పక్కన పెట్టేసి అన్నాడు: "అమ్మా, ఇది అమ్మితే నాకూ మంచి మిగులే. కానీ మన దేశం ఒప్పుకున్న ప్రమాణంలో ఈ 107 మీటర్ల లెక్క లేదు. ఐఎస్/ఐఈసీ 62305 అని ఉంది. దాని ప్రకారం పైన పెట్టిన ఇనుము నిజంగా ఎంత ఎత్తుందో అంతకే లెక్క. మామూలు కడ్డీ చాలు. తోపంతా ఏ కడ్డీ కాయదు. ఇంటినీ కొట్టాన్నీ కాస్తుంది. అది కూడా కింద ఎర్తింగ్ గుంత బాగుంటేనే."

కింద గుంత. ఆ మాట ఆయన నోట కనీసం ఇరవైసార్లు విన్నాను. పని అంతా చూశాక నేను కూడా అదే అంటాను. జనం పైన మెరిసే రాగి కడ్డీ చూస్తారు. కడ్డీ పిడుగును ఆపదు. పడేదాన్ని తన మీద వేసుకుని దారి చూపించి నేలలోకి పంపుతుంది. ఆ దారి ఎక్కడ తెగినా, నేల ఎక్కడ తీసుకోకపోయినా, కరెంటు గోడలోకి, రేకులోకి, మనిషిలోకి దూకుతుంది. అట్లాంటప్పుడు కడ్డీ ఉండటం కంటే లేకపోవడమే నయం.

ఆయన ముందు మా ఇంటికొచ్చి చూసిపోయాడు, దానికి డబ్బు తీసుకోలేదు. ఇంటి మీద ఒక కడ్డీ, కొట్టం మీద ఒక కడ్డీ, రెంటినీ జీఐ పట్టీతో, అంటే జింకు పూత వేసిన ఇనుప పట్టీతో కలిపి, రెండు చివర్ల రెండు దారుల్లో కిందికి దించాలన్నాడు. ఒకటి తెగితే ఇంకొకటి ఉండాలని. నేను కొట్టం పక్కన ఖాళీ జాగా ఉంది, గుంత అక్కడ తవ్వండన్నాను. ఆయన ఆవులు నడిచే దారి చూశాడు, నీళ్ళ తొట్టి చూశాడు, అడుగులు కొలిచాడు. "వద్దమ్మా. పిడుగు దిగేది ఈ గుంతలోకే. దాని దగ్గర ఆవు నిలబడితే టెంకాయ చెట్టు దగ్గర జరిగిందే మళ్ళీ జరుగుతుంది" అని గుంతల్ని కొట్టం అవతల, కంచె వైపుకు మార్చాడు. పట్టీకి ఇంకో పదహారు మీటర్లు ఎక్కువైంది. ఆ ఒక్క మాటకే నేను ఆ అంగడికి జీవితాంతం రుణపడి ఉంటాను. మేము అడగలేదు, అడగాలని మాకు తెలీదు కూడా. కొట్టం ఇనుప స్తంభాలు, రేకులు, నీళ్ళ పైపు అన్నిటినీ కూడా ఆ పట్టీకే కలిపాడు. అన్నీ ఒకే ఓల్టేజిలో ఉంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకదంట.

పని రెండు రోజులు. కుర్రాడు పట్టీ వంచుతుంటే నేను దగ్గరే కూర్చుని చూశాను. గోడ మూల దగ్గర మడిచి కొడితే రెండు నిమిషాల పని. అతను అట్లా కొట్టలేదు. మోకాలి కింద గోనెసంచి పెట్టుకుని, కొయ్యసుత్తితో కొంచెం కొంచెంగా, చేట అంచు మాదిరి గుండ్రంగా తిప్పుతూ వచ్చాడు. ఒక్క మలుపుకు ఇరవై నిమిషాలు పట్టింది. "ఎందుకు నాయనా ఇంత కష్టం?" అంటే, "పిడుగుకు సన్న మలుపు కుదరదక్కా. తిరగలేక గోడలోకి దూకేస్తుంది" అన్నాడు.

గుంతలు ఒక్కొక్కటి పదడుగుల లోతు. మాది ఎర్రగరప నేల, ఆరడుగులకే సుద్దరాయి తగిలింది. ఒక పూటంతా గడ్డపారతోనే సరిపోయింది. మూడు మీటర్ల జీఐ పైపు దించి, చుట్టూ తడి పట్టుకునే బెంటోనైట్ బంకమట్టి కలిపిన పొడి పోసి తడిపారు. తర్వాత పెద్దాయన మీటరు తీశాడు. వరసగా రెండు మేకులు దూరదూరంగా నేలలో దిగ్గొట్టి, వైర్లు తగిలించి, బటన్ నొక్కాడు. నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో ఓముల్లో చూపిస్తుంది, ఎంత తక్కువుంటే అంత మంచిది. మొదటి గుంత 17 ఓములు. పది లోపల ఉండాలంట. ఆయన ముఖం చిన్నబోయింది. రెండో గుంత కూడా పూర్తయ్యాక రెండూ కలిపి చూస్తే 8.8. ఆ అంకె నాకు చూపించి, కార్డు మీద తేదీతో రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. దేవుడి గదిలో పెట్టుకున్నాను. మీరు ఎవరితో చేయించుకున్నా సరే, మీటరు పెట్టి మీ కళ్ళముందు కొలవకపోతే డబ్బు ఇవ్వకండి.

ఖర్చు చెప్తాను. కడ్డీలు రెండూ 6,400, వాటిని నిలబెట్టే పైపులు 2,800, పట్టీ 4,200, గుంతలు రెండూ 9,000, మెయిన్ బోర్డులో ఎస్‌పీడీ అనే చిన్న డబ్బా 4,800, కూలి 7,000. మొత్తం 34,200. రంగు కాగితాలాయన అడిగిన దాంట్లో సగం. ఆ ఎస్‌పీడీ నేను వద్దన్నాను. కడ్డీ ఇంటిని కాస్తుంది కానీ కరెంటు తీగ వెంబడి వచ్చే దెబ్బను కాయదని పెద్దాయన పట్టుబట్టి పెట్టించాడు.

లోట్లు కూడా రాయాలి. బుధవారం వస్తామని చెప్పి తొమ్మిది రోజుల తర్వాత వచ్చారు. ఆ తొమ్మిది రోజుల్లో రెండుసార్లు ఉరుములొచ్చాయి, నేను నిద్రపోలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. పని మీద ఉంటే ఎత్తడంట, అది అలవాటంట, కానీ ఇక్కడ మేం భయంతో ఉన్నామని ఆలోచించాల. గుంత మీది సిమెంటు మూత ఒకటి పగిలింది తెచ్చారు, మార్చడానికి నెల పట్టింది. మిగిలిన రాళ్ళ కుప్ప దారిలోనే వదిలిపెట్టి పోయారు. పెద్దాయనకు ఎదురుగానే చెప్పాను ఇవన్నీ. "నిజమేనమ్మా" అన్నాడు. తర్వాత మూత మార్చడానికి వచ్చినప్పుడు రాళ్ళు కూడా ఎత్తుకుపోయారు.

మరి పనిచేసిందా అంటే, నాకు తెలిసినంతే చెప్తాను. ఈ ఏడాది కృత్తిక కార్తెలో, రాత్రి ఎనిమిదికి పెద్ద గాలివాన. ఇంటి దగ్గరే ఎక్కడో పడింది, వెలుగూ చప్పుడూ ఒకటే. కడ్డీ మీదే పడిందని నేను ప్రమాణం చేయలేను. తెల్లారి బోర్డు తెరిచి చూస్తే ఎస్‌పీడీ కిటికీలో ఎప్పుడూ పచ్చగా ఉండేది ఎర్రగా మారి ఉంది. దెబ్బ తాను తిని పోయిందన్నమాట. ఫ్రిజ్ నడుస్తాంది, స్టార్టరు నడుస్తాంది, కొట్టంలో నాలుగు ఆవులూ నెమరేస్తున్నాయి. లోపలి బిళ్ళ మార్చడానికి 1,100 అయింది. ఈసారి మాత్రం కుర్రాడు ఆ రోజు సాయంత్రమే వచ్చాడు.

ఎండాకాలం గుంతలు ఎండకూడదు కాబట్టి వారానికి రెండుసార్లు రెండేసి బిందెలు నీళ్ళు పోస్తున్నాను. ఏడాదికోసారి వచ్చి మీటరు పెట్టి పోతానన్నాడు, దానికి 500. ఈ ఏడాది కొలిస్తే 9.1 వచ్చింది.

తోపును కడ్డీ కాయదని ముందే చెప్పాను కదా. దానికి ఫోన్లో దామిని యాప్ పెట్టుకున్నాం. పుణేలోని ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థ వాళ్ళు చేసింది, డబ్బులు కట్టక్కర్లేదు. మనమున్న చోటు చుట్టూ 20 కిలోమీటర్లు, 40 కిలోమీటర్లు అని గీతలు గీసి ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి మెసేజీ కూడా వస్తుంది. ఫోను లేకపోయినా లెక్క ఉంది. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించాలి, అన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. ముప్పై సెకన్ల లోపల వినపడితే లోపలికి రావాల. చివరి ఉరుము తర్వాత ఇంకో అరగంట బయటికి పోకూడదు.

ఆ కృత్తిక కార్తె గాలివాన రాత్రి మా ఆయన గంప పట్టుకుని గడప దాకా వచ్చాడు. నేనేం అనలేదు. గంప అరుగు మీద పెట్టి నా పక్కన కూర్చున్నాడు. కొట్టం రేకుల మీద కొమ్మలోని కాయలు టపటపా పడుతున్నాయి, ఒక్కొక్కటి పడినప్పుడల్లా ఆయన చెయ్యి కదులుతాంది. చివరి ఉరుము అయ్యాక గడియారం చూసుకుని అరగంట అట్లే కూర్చున్నాం. తర్వాత టార్చి తీసుకుని ఇద్దరం కలిసి దిగాం. పదకొండు గంపలు ఏరాం.